స్నో డబ్బా మీద కాస్టిక్ సోడా: భయపడవలసింది ఎక్కడ?

సరిహద్దు పల్లెలలోని ఏ కిరాణా దుకాణంలోనైనా రెండు వస్తువులు ఇంచుమించు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ముఖానికి రాసుకునే క్రీము డబ్బా. రెండవది మూసుకుపోయిన తూములో పోసే పొడి పొట్లం. డబ్బా మీద చిన్న అక్షరాలలో ముద్రించిన పదార్థాల జాబితా చివర తరచుగా ‘సోడియం హైడ్రాక్సైడ్’ అని ఉంటుంది. పొట్లంలో ఉండేది ప్రధానంగా అదే పదార్థం. వాడుకలో దాని పేరు కాస్టిక్ సోడా. అల్యూమినియం పాత్రను తినివేసే, వెంట్రుకలను కరిగించే, చర్మాన్ని లోతుగా కాల్చే క్షారం అది. అటువంటిది ముఖానికి రాసుకునే వస్తువులోకి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న, కళాశాలలో చదివే పిల్లలున్న ఇళ్ళలో ఈ మధ్య తరచుగా వినవస్తున్నది. సెల్‌ఫోన్లలో చేతులు మారే హెచ్చరికలు ఆ ప్రశ్నను భయంగా మార్చాయి.

ప్రశ్న సహేతుకమైనదే. భయం మాత్రం తప్పు చోటికి పోతున్నది. కంపెనీ క్రీము డబ్బాను పారవేసి, ‘రసాయనాలు లేని సబ్బు’ అని సంతలో అమ్మే పేరులేని బిళ్ళను కొనుక్కున్న కుటుంబం ప్రమాదం నుండి దూరంగా జరగలేదు. చాలా సందర్భాలలో ప్రమాదానికి దగ్గరగా వచ్చింది. కారణం సులభం. కాస్టిక్ సోడా లేకుండా స్నానపు గట్టి సబ్బు తయారు కాదు.

సరిహద్దు జిల్లాలకు ఈ పదార్థం పరాయిది కాదు. ఉప్పునీటి గుండా విద్యుత్తును పంపి దీనిని తయారు చేస్తారు. ఒడిశాలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న గంజాం ప్రాంతంలోనూ, పశ్చిమ గోదావరి వైపు సగ్గొండలోనూ ఇటువంటి కర్మాగారాలు దశాబ్దాలుగా ఉన్నాయి. కోరాపుట్ జిల్లా దమన్‌జోడిలో బాక్సైట్ రాతి నుండి అల్యూమినాను వేరు చేసేది వేడి కాస్టిక్ ద్రావణమే. రాయగడ, బల్లార్‌పూర్ కాగితపు మిల్లులలో కలపను, వెదురును గుజ్జుగా మార్చడంలోనూ దానిదే ముఖ్యపాత్ర. రహదారిపై ట్యాంకర్లలో పోయే ఆ ద్రావణమూ, స్నో డబ్బా జాబితాలోని పేరూ ఒకటే. అయితే పేరు ఒకటి అయినంత మాత్రాన డబ్బాలోని స్థితి కూడా అదే కాదు.

పాతతరం వారు ‘స్నో’ అని పిలిచే క్రీమునే తీసుకుందాము. దానిలో ముఖ్యమైనది స్టియరిక్ ఆమ్లం, అనగా కొవ్వు నుండి వచ్చే మైనం వంటి పదార్థం. దానికి కొద్దిపాటి క్షారం కలిపితే ఆమ్లంలో ఒక భాగం సబ్బుగా మారుతుంది. ఆ సబ్బు నీటినీ మిగిలిన మైనాన్నీ కలిపి పట్టి ఉంచుతుంది. కలిపిన కాస్టిక్ అంతా ఆ చర్యలోనే ఖర్చయిపోతుంది. తలకు రాసుకునే జెల్లు చిక్కబడడానికీ ఇటువంటి క్షారమే కావాలి. అక్కడ కూడా అది ఆమ్ల గుణమున్న పదార్థంతో కలిసి తన తీవ్రతను కోల్పోతుంది. తయారీదారు మాత్రం వేసిన పదార్థం పేరును జాబితాలో రాయవలసిందే. పప్పులో వేసిన చింతపండు పులుసు పప్పులో కలిసిపోయినా, వంట పద్ధతిలో చింతపండు అనే రాస్తాము. ఇదీ అటువంటిదే.

కనుక చూడవలసింది చివరికి మిగిలిన క్షారం ఎంత అన్నది. దానిని కొలిచే కొలమానం పి.హెచ్. శుద్ధ జలానికి అది 7. మనిషి చర్మం ఉపరితలం స్వల్పంగా ఆమ్లత్వం కలది, సుమారు 5. మంచి స్నానపు సబ్బు నురుగు 9 నుండి 10 వరకు ఉంటుంది, అది సబ్బు స్వభావమే. తేరిన సున్నపు నీరు 12కు పైన. ఈ లెక్కలో ఒక్కొక్క అంకె పెరిగినప్పుడు తీవ్రత పదిరెట్లవుతుంది. లీటరు శుద్ధ జలంలో కేవలం 40 మిల్లీగ్రాముల కాస్టిక్ కలిపితే పి.హెచ్. 11కు చేరుతుంది, 4 గ్రాములకు 13 అవుతుంది. చిటికెడు పదార్థానికి ఇంత శక్తి ఉండడం వల్లనే క్రీముల తయారీలో దానిని చుక్కల లెక్కన వాడతారు.

ఐరోపా సమాఖ్య సౌందర్య సాధనాల నిబంధనలు ఈ విషయాన్ని అంకెలలో చెప్పాయి. 2009లో ఆమోదించిన ఆ నిబంధనల ప్రకారం, సాధారణ వస్తువులలో పి.హెచ్. సవరణకు కాస్టిక్ వాడితే తుది పి.హెచ్. 11కు లోపలే ఉండాలి. అవాంఛిత రోమాలను తొలగించే క్రీములకు ఆ హద్దు 12.7. గోరు చుట్టూ పెరిగే చర్మాన్ని మెత్తబరచే మందులో 5 శాతం వరకు, వంకీల జుట్టును చక్కబరచే మందులో ఇంటి వాడకానికి 2 శాతం వరకు, నిపుణుల చేతి వాడకానికి 4.5 శాతం వరకు అనుమతి ఉంది. అయితే ఆ మందుల మీద క్షారం ఉన్నదనీ, కళ్ళకు తగిలితే చూపు పోవచ్చుననీ, పిల్లలకు అందనివ్వరాదనీ ముద్రించి తీరాలి. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఐ.ఎస్. 4707 రెండవ భాగం సౌందర్య సాధనాలలో వాడరాని, హద్దులకు లోబడి వాడదగిన పదార్థాలను పేర్కొంటుంది. స్నానపు సబ్బుల ప్రమాణం ఐ.ఎస్. 2888 కూడా మిగిలిపోయే కాస్టిక్‌కు హద్దు విధించింది.

ఈ అంకెలను బట్టి సౌందర్య సాధనాలన్నింటినీ ఒకే గాట కట్టరాదని తెలుస్తున్నది. క్రీము, జెల్లు, షాంపూ ఒక వర్గం. వీటిలో కాస్టిక్ పేరు కనిపించినా ఆందోళన అవసరం లేదు. క్షారం తన తీవ్రతతోనే పని చేయవలసిన వస్తువులది రెండవ వర్గం. రోమ నివారిణి క్రీము వెంట్రుకను కరిగిస్తుందంటే, అదే పనిని చర్మం మీద కూడా మొదలుపెట్టగలదని అర్థం. పెట్టె మీద చెప్పిన నిమిషాలు దాటి ఉంచుకోవడం, గీరుకున్న చోట రాయడం, ముఖానికి నిర్దేశించని దానిని మీసకట్టు మీద రాయడం వలననే చాలా గాయాలు కలుగుతాయి. ఆడపిల్లలు ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి చాటుగా వాడుకునే వస్తువు కనుక, సూచనలు చదివి వినిపించే పెద్దలు కూడా పక్కన ఉండరు.

జుట్టును చక్కబరచే మందుల కథ పాతది. అమెరికాలో నల్లజాతి పురుషులు ఒకప్పుడు కాస్టిక్‌ను (అక్కడ ‘లై’ అంటారు) కోడిగుడ్లు, బంగాళాదుంపలతో కలిపి తలకు పట్టించి వంకీలను పోగొట్టుకునేవారు. 1965లో వెలువడిన ఆత్మకథలో మాల్కం ఎక్స్ తన యవ్వనంలో అనుభవించిన ఆ మంటను వర్ణించాడు. తరువాత కంపెనీలు కాస్టిక్ శాతాన్ని అదుపులో పెట్టి మందులను సీసాలకు ఎత్తాయి. మన పట్టణాల బ్యూటీ పార్లర్లలో ‘రీబాండింగ్’ పేరుతో చేసేది సాధారణంగా వేరే రసాయనంతో, అమ్మోనియం థయోగ్లైకోలేట్‌తో. ఒకదానితో చక్కబరచిన జుట్టుకు మరొకటి పట్టిస్తే వెంట్రుకలు మధ్యలో తెగిపోతాయి. పెళ్ళిళ్ళ కాలంలో ఒక ఊరిలో ఒక మందు, నెల తిరగకముందే సరిహద్దు దాటి మరొక ఊరిలో ఇంకొక మందు పెట్టించుకునే యువతులు ముందటి మందు పేరును అడిగి రాసి ఉంచుకోవడం అవసరం.

ఇక అసలు సంగతి, ఇంటి సబ్బు. స్వయం సహాయక బృందాల మహిళలకు సబ్బుల తయారీ చక్కని ఉపాధి. వేప, కొబ్బరి, ఆముదం, కలబంద పేర్లతో అమ్మే ఈ సబ్బులకు ఆదరణ కూడా ఉంది. నేర్పుగా చేసిన సబ్బు కంపెనీ సబ్బుకు ఏమాత్రం తీసిపోదు. తయారీలో విడిపోయే గ్లిజరిన్ దానిలోనే ఉండిపోతుంది కనుక చర్మానికి మెత్తగా కూడా ఉంటుంది. చిక్కంతా కొలతలో ఉంది.

నూనెలన్నీ ఒకే పరిమాణంలో కాస్టిక్‌ను తీసుకోవు. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 183 గ్రాముల కాస్టిక్ కావాలి. కిలో ఆముదానికి సుమారు 128 గ్రాములు చాలు. వేపనూనె, వేరుశనగ నూనె, నువ్వుల నూనె ఇంచుమించు 133 నుండి 138 గ్రాముల మధ్య ఉంటాయి. శిక్షణలో కొబ్బరినూనె సబ్బు నేర్చుకున్న బృందం, ధర పెరిగిందనో ఊరిలో దొరికిందనో ఆముదం పోసి అదే కొలతతో సబ్బు పోసిందనుకుందాము. కిలో నూనెకు 55 గ్రాముల కాస్టిక్ ఖర్చు కాకుండా మిగిలిపోతుంది. నూనె, కాస్టిక్, నీరు కలిసి తయారయ్యే ముద్ద సుమారు కిలోన్నర. అంటే సబ్బులో మిగిలిన కాస్టిక్ మూడున్నర శాతం పైమాటే. ఇంటిలో వాడే జుట్టు మందుకే, హెచ్చరికలతో సహా, ఐరోపా 2 శాతం హద్దు పెట్టిందని పైన చూశాము. ఇక్కడ అంతకు మించినది పసిపిల్లల స్నానపు సబ్బులో, ఏ హెచ్చరికా లేకుండా చేరుతున్నది. సువాసన బాగుంటుంది, రంగు బాగుంటుంది, అచ్చు చక్కగా వస్తుంది. ఒంటికి మంట పుట్టినప్పుడు గాని తేడా తెలియదు, అప్పుడు కూడా ‘వేప కదా, అలాగే ఉంటుంది’ అన్న సమాధానం వినిపిస్తుంది.

నెలన్నర ఆరబెడితే అంతా సర్దుకుంటుందన్న నమ్మకం కూడా ఉంది. ఆరబెట్టడం వలన నీరు ఇంకి సబ్బు గట్టిపడుతుంది, నిదానంగా జరిగే చర్య పూర్తవుతుంది. లెక్క తప్పి ఎక్కువ పడిన కాస్టిక్‌కు మాత్రం కలవడానికి నూనె లేదు. గాలి తగిలిన పైపొర కొంత మెత్తబడినా లోపలిది లోపలే ఉంటుంది. అందుకే తెలిసినవారు అవసరమైన దానికంటే ఐదు శాతం తక్కువే వేస్తారు. కిలో కొబ్బరినూనెకు 183కు బదులు 174 గ్రాములు. కొంచెం నూనె మిగిలితే నష్టం లేదు. గ్లాసుతో, గరిటెతో కొలవడం మాని గ్రాముల వరకు చూపే తూకపు యంత్రం వాడడం, ప్రతి నూనెకూ వేరు లెక్క వేయడం, ఆరిన బిళ్ళను కోసి తడిపి పి.హెచ్. కాగితం ఆనించి చూడడం, ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. కాగితం 9, 10 చూపితే సరి. 11 దాటితే ఆ బిళ్ళను సంతకు తీసుకుపోరాదు.

తయారీ వేళ జాగ్రత్త మరొకటి. కాస్టిక్ రేకులను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి గాని, రేకుల మీద నీరు పోయరాదు. కలిసేటప్పుడు పుట్టే వేడికి ద్రావణం ఎగిసి ముఖం మీద పడుతుంది. అల్యూమినియం గిన్నె అసలే పనికిరాదు. గిన్నె కరగడమే కాక మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. సరిహద్దు పల్లెల వంటిళ్ళలో అల్యూమినియం పాత్రలే ఎక్కువ కనుక ఈ మాట శిక్షణలో మొదటనే చెప్పవలసినది.

‘మాది కాస్టిక్ లేని సబ్బు’ అనే ప్రకటనను గురించి కూడా ఒక మాట. అటువంటి సబ్బు చేసేవారు చాలావరకు కర్మాగారం నుండి వచ్చిన తయారు ముద్దను కొని, కరిగించి, రంగు, వాసన కలిపి అచ్చు పోస్తారు. అది తప్పు కాదు, నిజానికి కొత్తవారికి సురక్షితమైన పద్ధతి. కాకపోతే కాస్టిక్ వాడినది వారు కాదు, కర్మాగారం వారు. అంతే తేడా.

పేర్ల తికమక సరిహద్దు ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు. మూడు వేర్వేరు పదార్థాలను జనం ‘సోడా’ అనే అంటారు. తినే సోడా పి.హెచ్. 8కి కొంచెం పైన. బట్టల సోడా సుమారు 11. కాస్టిక్ సోడా 13, 14. చూపునకు మూడూ తెల్లనివే. తెలుగు ఇంటిలో వంట సోడా, తమిళ దుకాణంలో ఆప్పసోడా, కన్నడ దుకాణంలో అడిగె సోడా, మరాఠీ దుకాణంలో ఖాయచా సోడా. ఇన్ని మాటల మధ్య ‘సోడా తెమ్మ’ని పిల్లవానిని పంపితే ఏది వస్తుందో ఆ రోజు దుకాణంలో కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది. విడిగా తూచి కాగితంలో కట్టి ఇచ్చిన కాస్టిక్, పటికబెల్లం పొడి పక్కన అరలో చేరడానికి ఎంతో సమయం పట్టదు.

ఈ తప్పిదానికి అమెరికా ఒకప్పుడు భారీ మూల్యం చెల్లించింది. అక్కడి పల్లె ఇళ్ళలో సబ్బుకూ, ఉతుకుకూ తెచ్చుకున్న లైను చక్కెర అనుకొని మింగిన పిల్లల అన్నవాహిక కాలి, మానిన తరువాత ముడుచుకుపోయి, గుటక నీరు కూడా దిగని స్థితి ఏర్పడేది. ఫిలడెల్ఫియాలో గొంతు వైద్యుడైన షెవాలియే జాక్సన్ అటువంటి పిల్లలకు ఏళ్ళ తరబడి చికిత్స చేశాడు. చికిత్సతో ఆగక, డబ్బా మీద ‘విషం’ అనే మాటా, ప్రథమ చికిత్సా ముద్రించి తీరాలని సంవత్సరాల పాటు పోరాడాడు. ఫలితంగా 1927లో అమెరికా ఫెడరల్ కాస్టిక్ పాయిజన్ చట్టం వచ్చింది. ఆ చట్టం కాస్టిక్ అమ్మకాన్ని ఆపలేదు. డబ్బా మీద ఏమి రాయాలో చెప్పింది.

క్షారపు గాయం ఆమ్లపు గాయం కంటే మోసకరమైనది. కాస్టిక్ నీరు వేళ్ళకు జిగటగా తగులుతుంది. ఆ జిగట, చర్మంలోని కొవ్వే సబ్బుగా మారుతుండడం. నొప్పి వెంటనే తెలియకపోవచ్చు, గాయం మాత్రం లోపలికి దిగుతూ ఉంటుంది. పొడి రేకులు పడితే ముందు దులిపివేసి, తడిసిన బట్టలు తీసివేసి, పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడగాలి. నిమ్మరసం, వెనిగర్ పోసి విరుగుడు చేయబోవడం వలన సమయం వృథా అవుతుంది, వేడి పుడుతుంది. కంటిలో పడితే రెప్పలు విప్పి పట్టి నీరు పోస్తూ, ఆపై ఆలస్యం లేకుండా కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి. తాంబూలపు సున్నం పొట్లం పగిలి కళ్ళు పోగొట్టుకున్న పిల్లల ఉదంతాలు మన దేశపు కంటి ఆసుపత్రులకు కొత్త కాదు. సున్నం కంటే కాస్టిక్ తీవ్రమైనది. మింగినట్లయితే వాంతి చేయించరాదు, దిగేటప్పుడు కాల్చినది పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. పొట్లాన్ని వెంట తీసుకొని ఆసుపత్రికి పోవడమే మార్గం.

మన చట్టం ఈ విషయంలో ఏమి చేసింది? 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం తొలుత సబ్బును సౌందర్య సాధనంగా లెక్కించలేదు. 1982 సవరణతో ఆ మినహాయింపు పోయింది. 2020 డిసెంబరులో వెలువడిన సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం అమ్మకానికి తయారు చేసేవారు తమ రాష్ట్ర అధికారి నుండి లైసెన్సు పొందాలి. హొసూరు బృందమైతే తమిళనాడులో, ముళబాగిలు బృందమైతే కర్ణాటకలో. పదార్థాల జాబితాలో ఒక శాతానికి మించినవాటిని అవరోహణ క్రమంలోనూ, అంతకు తక్కువైనవాటిని ఆ తరువాత ఏ క్రమంలోనైనా ముద్రించాలి. కాస్టిక్ పేరు జాబితా చివర కనిపించడానికి కారణం ఇదే.

ఈ నియమావళిలో పల్లె కుటుంబాలకు సంబంధించిన లోటు ఒకటి ఉంది. ద్రవ పదార్థమైతే 60 మిల్లీలీటర్లలోపు, ఘనమైతే 30 గ్రాములలోపు చిన్న ప్యాకెట్ల మీద పదార్థాల జాబితా ముద్రించనవసరం లేదు. పట్టణపు గృహిణి కొనే పెద్ద సీసా మీద ఉన్న సమాచారం, కూలి డబ్బుతో కొనే సాషే మీద ఉండదు. చోటు చాలదన్న వాదనలో కొంత నిజమున్నా, రోమ నివారిణి వంటి తీవ్రమైన వస్తువులకైనా ఈ మినహాయింపు తొలగించడం న్యాయం. రెండవ లోటు భాష. ప్యాకెట్లపై తప్పనిసరి వివరాలు హిందీలోగాని ఇంగ్లీషులోగాని ఉంటే చట్టానికి చాలు, మిగిలిన భాషలు కంపెనీ ఇష్టం. సిరొంచలోనో, పర్లాకిమిడిలోనో, బాగేపల్లిలోనో తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి ‘కళ్ళకు తగలనీయరాదు’ అన్న హెచ్చరిక ఏ లిపిలో ఉన్నా ఒకటే. మాటకు బదులు బొమ్మతో చెప్పే పద్ధతిని తీవ్ర క్షారమున్న ఇంటి వస్తువులన్నింటికీ తప్పనిసరి చేస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

2025 సెప్టెంబరు 22 నుండి స్నానపు సబ్బు బిళ్ళలపై జీఎస్టీ 18 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. కంపెనీ సబ్బులతో ధరలో పోటీ పడవలసిన చిన్న బృందాలపై ఒత్తిడి పెరిగింది. చవక నూనె కోసం వెతుకులాట కూడా పెరుగుతుంది. నూనె మారినప్పుడల్లా కాస్టిక్ లెక్క మారాలన్న విషయం ఇటువంటి సమయంలోనే మరుగున పడే అవకాశం ఉంది. బృందాలకు రుణమిచ్చే బ్యాంకులు, శిక్షణ ఇచ్చే సంస్థలు తూకపు యంత్రాన్నీ, పి.హెచ్. కాగితాన్నీ, నూనెల పట్టికనూ సామగ్రి జాబితాలో చేర్చడం ఇప్పుడు మరింత అవసరం.

కొనుగోలుదారు చేతిలో ఒక హక్కు ఉంది, దానిని వాడుకునేవారు అరుదు. 1940 చట్టంలోని 26వ సెక్షను ప్రకారం ఏ వ్యక్తి అయినా, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘమైనా తాము కొన్న సౌందర్య సాధనాన్ని నిర్ణీత రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుని వద్ద పరీక్ష చేయించుకొని నివేదిక పొందవచ్చు. దీనికి లాయరు అక్కరలేదు. ఒక ఊరిలో పదిమందికి ఒకే సబ్బుతో మంట పుట్టినప్పుడు, వినియోగదారుల సంఘం ద్వారా ఆ బిళ్ళను పంపితే తేలిపోయే విషయమది. అందుకు కొన్న చీటీ ఉండాలి, తయారీదారు పేరూ, ఊరూ, లైసెన్సు సంఖ్యా ముద్రించిన పై కాగితం పారవేయకుండా ఉంచాలి. సరిహద్దు సంతలలో ఒక రాష్ట్రంలో పోసి మరొక రాష్ట్రంలో అమ్మే విడి సబ్బులకు చీటీ ఉండదు, పై కాగితమూ ఉండదు. పరీక్షలో మిగిలిన కాస్టిక్ ఎంతో తేలినా, నోటీసు ఏ ఊరికి పంపాలో అధికారికి తెలియదు.